గ్లాసు మీద చెయ్యి

శనివారం సాయంత్రం అంటే ఆలిస్ టీచర్‌కి గంజి పెట్టిన చీర ఇస్త్రీ చేసుకోవడం, ఎనిమిదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుకోవడం, ఆదివారం ఆరాధనకి పాటల పుస్తకం వెతికి పెట్టుకోవడం. బోయిగూడ సందులో ఆ రెండు గదుల ఇంట్లో ఏళ్ళ తరబడి ఇదే వరస. ఆ శనివారం మాత్రం ఇస్త్రీ చేసిన చీరని ఆదివారం దాకా ఆపకుండా అప్పుడే కట్టేసుకుని, ఆటో ఎక్కి, ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక బార్‌కి బయల్దేరింది. కూతురు క్యారల్ రమ్మంది. తను చేసుకోవాలనుకుంటున్న అబ్బాయిని తల్లి చూడాలంది. ఆ ఇంటి పద్ధతిలో అబ్బాయిని చూడాలంటే అతని ముందు ఒక గ్లాసు ఉండాలి.

ఆలిస్ వాళ్ళ వంశంలో ఆడవాళ్ళు భోజనాల బల్ల దగ్గర కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తే, ఆ బల్ల మీదా చుట్టుపక్కలా ఏ మందున్నా నీళ్ళైపోతుంది. బ్రాందీ అయినా, బీరైనా, క్రిస్మస్‌కి ఇంట్లో పులియబెట్టుకున్న ద్రాక్ష వైనైనా సరే. సికింద్రాబాద్‌లో అలాంటి కుటుంబాలు నాలుగైదున్నాయి. వాళ్ళని పెళ్ళికి పిలిచినవాళ్ళు ఆడవాళ్ళ భోజనాలు కింద, మగవాళ్ళ గది మేడ మీద పెట్టుకుంటారు, అంతే. గ్లాసు మీద అరచెయ్యి కప్పితే ప్రార్థన తగలదు. అదీ అందరికీ తెలిసిందే.

ఆలిస్‌ని చూడ్డానికి యేసురాజు వచ్చినప్పుడు ఆవిడ తల్లి అతని ముందు వైన్ గ్లాసు పెట్టి ప్రార్థన చేసింది. నీళ్ళు చూసి మొహం మాడ్చుకున్నవాడికి పిల్లనివ్వరు. యేసురాజు పగలబడి నవ్వాడు. గటగటా తాగేసి ఇంకో గ్లాసు అడిగాడు. ఇల్లంతా మురిసిపోయింది. నవ్వే మగాడు కనిపిస్తే చాలు, పేపరు తిప్పి చూడకుండా నూటికి నూరు వేసేస్తారు మన ఇళ్ళలో. ఆ నవ్వుతోనే అతను ఇరవై రెండేళ్ళు తాగాడు. ఇంటికి తెచ్చిన ప్రతి సీసానీ ఆలిస్ నీళ్ళు చేసింది. మొదట్లో గ్లాసు మీద చెయ్యి కప్పుకుని తాగాడు, చెయ్యి నొప్పెట్టాక రాంగోపాల్‌పేటలో ఒక బార్ చూసుకున్నాడు. ఆరేళ్ళ కిందట ఒక వానాకాలం సాయంత్రం ఆ బార్ ఎదురుగా ఉన్న బస్టాపులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అప్పట్నించీ ఆలిస్ తన కంచం మీద తప్ప ఇంకే బల్ల మీదా ప్రార్థన చెయ్యలేదు.

బార్ పేరు రామభద్ర నిలయం. ఆటోవాడు రెండుసార్లు అడిగాడు, ఇల్లా బారా అని. ఏదో కర్మాగారంలో పనిచేసి రిటైరైన రామభద్రరావు అనే ఆయన కట్టుకున్న ఇల్లు. కొన్నవాళ్ళు గేటు మీది పాలరాతి పలక అలాగే ఉంచేశారు, అది పిల్లకాయలకి ఫోటోలు దిగడానికి బావుంటుందట. ఆ వీధిలో వరసగా అన్నీ అంతే. ఒకప్పుడు పప్పు తాలింపు వాసన వచ్చే వంటింటి కిటికీల్లోంచి ఇప్పుడు పాట దడదడమని వస్తోంది. ముందు గదిలో పెద్దాయన వార్తలు చూసిన చోట బీరు కాచే రాగి డేగిశాలు నిలబడున్నాయి. ఆలిస్‌కి కోపం రాలేదు. ఇంత వెలుతురు, ఇన్ని కుర్చీలు, ఆడపిల్లలు కాళ్ళు చాపుకుని కూర్చోవడం చూస్తే, తను పాతికేళ్ళప్పుడు ఇలాంటి చోటొకటి ఉంటే బావుండేదనిపించింది కూడా.

క్యారల్ లేచి తల్లిని వాటేసుకుంది. ఆఫీసుకి దగ్గరని ఈ పక్క వీధిలోనే ఇద్దరు స్నేహితురాళ్ళతో ఫ్లాట్ తీసుకుని రెండేళ్ళైంది. ఆదివారం చర్చికొస్తుంది, మధ్యాహ్నం తిని వెళ్ళిపోతుంది. పక్కన నిలబడ్డ ఆషర్ సన్నగా, కళ్ళజోడుతో, ఇంటర్వ్యూకొచ్చినవాడిలా ఉన్నాడు. "ప్రైజ్ ద లార్డ్ ఆంటీ" అన్నాడు. బార్‌లో ఆ మాటన్నందుకు తనే సిగ్గుపడ్డాడు. ఆలిస్‌కి ఆ సిగ్గు నచ్చింది.

సోమయ్య అని ఒక పెద్ద మీసాల సర్వరు వచ్చాడు. ఆలిస్ తెల్ల చీర, మెడలో సన్న గొలుసుకి శిలువ చూసి, మెనూ ఇవ్వకముందే చేతులు కట్టుకున్నాడు.

"ఏమనుకోకుండ్రి మేడమ్, జెర ముందుగాల్నే చెప్తున్న. ప్రార్థన జేసిన గ్లాసుకు మా దగ్గర రిప్లేస్‌మెంట్ లేదు."

"మాకు తెలుసు బాబూ. ఒకటి అందుకే తెప్పించుకుంటున్నాం" అంది ఆలిస్.

ఆషర్ ఒక బీరు చెప్పాడు. ఆలిస్ నిమ్మకాయ సోడా చెప్పింది. క్యారల్ ఏమీ చెప్పలేదు. ఆమెకేం కావాలో సోమయ్యా అడగలేదు. వెళ్ళాడు, మూడు గ్లాసులతో వచ్చాడు, పొడుగాటి గ్లాసులో ముదురు రంగు బీరు క్యారల్ ముందు పెట్టాడు. పల్లీల మసాలా, వేయించిన చేప ముక్కలు కూడా వచ్చాయి.

ఆలిస్ పైట చెంగు తల మీదికి లాక్కుంది. అంతే, చుట్టుపక్కల నాలుగు బల్లల మీద పిల్లలంతా మాటలాపకుండానే గ్లాసుల మీద చేతులు పెట్టేసుకున్నారు. కుర్చీ దూరం జరుపుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆలిస్ కళ్ళు మూసింది. ఇరవై తొమ్మిదేళ్ళు పరీక్ష హాల్లో కాపలా కాసిన కళ్ళు పూర్తిగా ఎప్పుడూ మూతపడవు. రెప్పల సందులోంచి ఆషర్ మొహం చూద్దామనుకుంది.

కనబడింది క్యారల్ చెయ్యి.

మిగతా పిల్లల చేతులు హడావిడిగా, ఆటకి పెట్టినట్టు పడ్డాయి. క్యారల్ చెయ్యి అలా పడలేదు. ఆషర్‌తో ఏదో చెబుతూనే ఉంది, గ్లాసు వైపు చూడనైనా లేదు. అరచెయ్యి మెత్తగా వెళ్ళి అంచు మీద వాలింది. చూపుడు వేలు కిందికి వంగి గ్లాసుని పట్టుకుంది. ఆ వంపు ఆలిస్‌కి తెలుసు. పెళ్ళైన మొదటి అయిదేళ్ళూ ఇంట్లో బల్ల దగ్గర ప్రార్థన చేస్తూ, రెప్పల సందులోంచే యేసురాజు చేతిలో చూసింది.

"ఆమేన్" అంది.

ఆషర్ గ్లాసులో బీరు తేటపడి నీళ్ళైంది. అతను ఒక గుక్క తాగి, పల్లీల పళ్ళెం ఆలిస్ వైపు జరిపాడు. నవ్వలేదు, మొహం మాడ్చుకోలేదు. పరీక్ష పాసయ్యాడు. పట్టించుకున్నవాళ్ళు లేరు.

"రోజుకెన్ని?" అంది ఆలిస్, కూతుర్ని చూస్తూ.

"మమ్మీ, టెస్ట్ ఆషర్‌ది. నాది కాదు."

"నిన్నే అడుగుతున్నా."

క్యారల్ నవ్వింది. తండ్రి నవ్వే. శని ఆదివారాలు మాత్రమేనంది, ఆఫీసు టెన్షనంది, అందరూ తాగేదేగా అంది. ఆలిస్ ఆషర్ వైపు తిరిగింది. అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

"ఇవాళ మిమ్మల్ని పిలవమని తనకి చెప్పింది నేనే ఆంటీ. పొద్దున ఆఫీసుకెళ్ళే ముందు కూడా తాగుతోంది. నేను చెప్తే వినట్లేదు."

క్యారల్ అతని వైపు చూసిన చూపుకి ఇంకొకడైతే లేచి వెళ్ళిపోయేవాడు. అతను కూర్చునే ఉన్నాడు. అప్పుడామె తల్లి మీదికి తిరిగింది, గొంతు పెంచకుండా, ప్రతి మాటా కత్తిరించినట్టు.

"చెయ్ మమ్మీ. మళ్ళీ చెయ్. నాన్నగారి మందు నీళ్ళు చేసి చేసి ఆయన్ని వీధిలోకి తోలావు. నేను ఫ్లాట్ ఎందుకు తీసుకున్నాననుకున్నావ్? ఆఫీసు దగ్గరనా?"

ఆలిస్‌కి చెప్పడానికి ఇరవై రెండేళ్ళ సమాధానాలున్నాయి. మగవాడు తాగితే పెళ్ళాం ప్రార్థన చాలలేదట, ఆపబోతే పెళ్ళాం ఓర్పు లేనిదట. సంఘంలో పెద్దలు రెండూ అన్నారు, ఒకే నోటితో. కానీ ఈ మాటన్నది సంఘం కాదు. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల.

"తోలాను" అంది. "ఒక్క సాయంత్రం కూడా ఆయన ఎదురుగా కూర్చోలేదు. నీళ్ళు చేసి, లేచి వంటింట్లోకి పోయేదాన్ని. నా పని అయిపోయిందనుకునేదాన్ని."

పైట చెంగు తల మీంచి తీసేసింది.

"నీది నేను చెయ్యను. నువ్వు తాగు. నేను కూర్చుంటాను. నీ నోటికి కూడా ఆ ప్రార్థన వచ్చు, నీకు మూడేళ్ళప్పుడు నేర్పాను. చేస్తావో మానేస్తావో నీ ఇష్టం."

క్యారల్ మూడేళ్ళుగా ఏ బల్ల ముందూ కళ్ళు మూసుకోలేదు. ఆఫీసు క్యాంటీన్లో అన్నం కూడా కళ్ళు తెరుచుకునే తింటుంది, ఆ అలవాటు పోకపోతే సాయంత్రం తన గ్లాసూ నీళ్ళైపోతుందని తెలుసు గనక. ఇప్పుడు పంతానికి గ్లాసెత్తి సగం తాగింది. తల్లి చేప ముక్క తుంచి నోట్లో వేసుకుంది. మిగతా సగం తాగింది. తల్లి ఆషర్‌ని వాళ్ళమ్మ దేవకృప ఏ స్కూల్లో చేస్తుందని అడిగింది, మోకాళ్ళ నొప్పులకి ఏం వాడుతుందని అడిగింది. అరగంట గడిచింది. ఎవరూ లేవలేదు. తిట్టేవాళ్ళు లేక, పారిపోవడానికి దారి లేక, క్యారల్ మొహంలో నవ్వు మెల్లగా అరిగిపోయింది. దాని కింద అలసిపోయిన పిల్ల ఒకత్తి ఉంది. ఆలిస్ ఆ పిల్లని రెండేళ్ళుగా చూడలేదు.

సోమయ్య అలవాటు ప్రకారం, చెప్పకుండానే, రెండో గ్లాసు తెచ్చి పెట్టి వెళ్ళాడు.

క్యారల్ చెయ్యి దానంతటదే లేచి గ్లాసు మీద వాలింది. తల మీద చెంగు వేసుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ప్రార్థన చేస్తున్నవాళ్ళూ లేరు. ఎవర్నించి దాస్తోందో తెలియని ఆ చేతిని క్యారల్ చాలాసేపు చూసింది. తర్వాత మరొకరి చేతిని తీసి పక్కన పెట్టినట్టు, దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. మధ్యలో ఒక మాట మర్చిపోయి మళ్ళీ మొదట్నించి ఎత్తుకుంది.

పక్క బల్ల వాళ్ళు గ్లాసులు కప్పుకోవడానికి ఆలస్యమైంది. వాళ్ళవి కూడా పోయాయి. ఎవరో నిట్టూర్చారు. ఆషర్ అటు తిరిగి చేతులు జోడించాడు.

క్యారల్ గ్లాసు ఒక్కసారి తేటపడలేదు. పై నురగ ముందు పోయింది, తర్వాత రంగు పొరలు పొరలుగా కిందికి దిగి, అడుగున కాసేపు మొండికేసి, అదీ పోయింది. క్యారల్ రెండు చేతులతో పట్టుకుని ఒక గుక్క తాగింది. మొహం చిట్లించింది.

"చప్పగా ఉంది మమ్మీ."

"నీళ్ళు చప్పగానే ఉంటాయి" అంది ఆలిస్, కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకుంటూ. "తాగు."