ఈలరాణి వెనక కాళ్లు

కొత్త సూపరింటెండెంటుగారు జూలో అడుగుపెట్టిన వారానికే గిట్టల జంతువులన్నింటినీ రెండు వీధులుగా విడగొట్టేశారు. ఒకటి సరి వేళ్ల వీధి, రెండోది బేసి వేళ్ల వీధి. ఆయన అంతకుముందు ఇరవై ఏళ్లు ఏదో ఆఫీసులో ఫైళ్లు సర్దిన మనిషి. ఏ కాగితం ఏ అరలో ఉండాలో ఆ అరలో లేకపోతే ఆయనకు ముద్ద దిగదు.

రెండేసి వేళ్ల జింకలూ ఒంటెలూ, నాలుగేసి వేళ్ల పందులూ సరి వీధికి వెళ్లాయి. ఒంటి గిట్ట గుర్రాలూ, మూడు వేళ్ల ఖడ్గమృగమూ బేసి వీధిలో ఉన్నాయి. ఉన్న మాట చెప్పుకోవాలి, ఆ ఏర్పాటు ముచ్చటగానే ఉంది. చూడవచ్చిన పిల్లలు కూడా జంతువుల మొహాలు వదిలేసి కాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

చిక్కంతా ఈలరాణి దగ్గరే వచ్చింది. ఈలరాణి ఒక టేపిర్. పందిలాంటి ఒళ్లు, తొండం కాబోయి ఆగిపోయినట్టున్న ముక్కు, నల్లటి శరీరానికి నడుము చుట్టూ తెల్లదుప్పటి కప్పినట్టు ఉంటుంది. సంతోషం వేస్తే సన్నగా ఈల వేస్తుంది. ఆ పేరు పెట్టింది దాన్ని ఆరేళ్లుగా సాకుతున్న కీపరమ్మ. సూపరింటెండెంటుగారు దాని ముందు కాళ్లు చూసి, నాలుగేసి వేళ్లు లెక్కపెట్టి, ఖడ్గమృగం పక్కనున్న బురద దొడ్డి నుంచి పందుల పక్కనున్న సిమెంటు దొడ్డికి మార్పించారు.

"సార్, అది బురదలోనే బాగుండేదండీ," అంది కీపరమ్మ.

"బాగుండడం వేరు, వర్గీకరణ వేరమ్మా. నాలుగు సరి సంఖ్యా కాదా?"

సరి సంఖ్యే. కోపం దిగమింగి కీపరమ్మ సిమెంటు దొడ్డి కడగడానికి వెళ్లింది.

మూడు వారాల్లో ఈలరాణి అరికాళ్లు అరిగి పుండ్లు పడ్డాయి. డాక్టరుగారు ఇచ్చిన లేపనం పూసినదంతా సిమెంటుకే అంటుకుపోయేది. ఈల ఆగిపోయింది. తర్వాత మేత తగ్గింది. ఆఖరికి నడవడమే మానేసింది. "ఈ జంతువుకు మన చోటు పడలేదు," అని తేల్చేసి, దాన్ని వేరే ఊరి జూకి పంపేయమని సూపరింటెండెంటుగారు ఉత్తర్వు రాశారు. శనివారం పొద్దున్నే లారీ వస్తుంది. ఆ కాళ్లతో రెండు రోజులు లారీలో నిలబడితే ఈలరాణి దక్కదని కీపరమ్మకు తెలుసు. ఆ భయంతో ఆమెకు రెండు రోజులుగా పనిమీద చేయి ఆడడం లేదు.

శుక్రవారం మధ్యాహ్నం కీపరమ్మ మామగారు మామూలుగానే ఆమెకు క్యారియరు తెచ్చారు. గుర్రాలకు నాడాలు కొట్టి కొట్టి నడుము వంగిన మనిషి. కళ్లు మసకబారి మనుషుల్ని గొంతుతోనే పోల్చుకుంటారు. అయినా కోడలితో కలిసి తినే వేళ మాత్రం నిమిషం తప్పరు. ఎవరైనా ఆశ్చర్యపోతే, "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు," అని తనమీద తనే నవ్వుకుంటారు.

క్యారియరు అందుకోకుండా కోడలు ఆయన చెయ్యి పట్టుకుంది.

"మామయ్యా, ఒక్కసారి లోపలికి రండి. దీని కాళ్లు చూడాలి మీరు."

"నేను చూడ్డమేంటే తల్లీ?"

"చేత్తో చూడండి. గుర్రాలకు అలాగే కదా చూసేవారు."

ఆయన్ని బోర్లించిన బకెట్టు మీద కూర్చోబెట్టి, గట్టి చీపురు తీసుకుని ఈలరాణి వీపు గోకడం మొదలుపెట్టింది. టేపిర్‌కు గోకుడంటే ప్రాణం. ఎంత బాధలో ఉన్నా సరే, నాలుగు గీతలు పడ్డాయంటే కళ్లు మూతలు పడతాయి, మోకాళ్లు వంగుతాయి. ఈలరాణి మూలుగుతూ మూలుగుతూ పక్కకు ఒరిగి, నాలుగు కాళ్లూ చాపి పడుకుంది.

మామగారు ముందు కాలు ఒళ్లోకి తీసుకుని వేలు వేలూ తడిమారు.

"నాలుగున్నాయి, నిజమే. కానీ అమ్మాయ్, వేళ్లు లెక్కపెడితే ఏముంది? బరువు ఎక్కడ పడుతోందో చూడాలి. పందికీ జింకకూ గిట్ట మధ్యలో చీలిక ఉంటుంది. ఆ చీలికకు రెండు పక్కలా బరువు సమానంగా దిగుతుంది. దీనికి చీలికేదీ? ఇదిగో, ఈ నడిమి వేలే పెద్దది, మొయ్యడమంతా దీనిదే. గుర్రానికీ అంతే. గుర్రం గట్టి నేలమీద పరిగెత్తి పరిగెత్తి ఆ ఒక్కటే ఉంచుకుని మిగతావి వదిలేసింది. దీనికి వదిలే పని పడలేదు."

"మరి ఈ బయటి చిన్న వేలు?"

"ఇది పైపైన ఉంది. కాలు బురదలో దిగబడినప్పుడే నేలకానుతుంది. దీని కాలంతా మెత్తటి నేలకు తయారైన కాలు. సిమెంటు మీద నిలబెడితే అరగక ఏం చేస్తుంది?" అంటూ వెనక కాలు అందుకున్నారు. ఒక్క క్షణం ఆగారు. మళ్లీ తడిమారు. తర్వాత భుజాలు ఎగిరిపడేలా నవ్వారు. "ఒసేయ్ పిచ్చి మొహమా, వెనక మూడే వేళ్లు!"

ఆరేళ్లుగా కడుగుతున్న కాళ్లవి! ఒక్కసారీ లెక్కపెట్టలేదు తను! కీపరమ్మకు సిగ్గూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

సరిగ్గా అప్పుడే లారీ పెట్టె కొలతల కోసం సూపరింటెండెంటుగారు టేపు పట్టుకుని వచ్చారు. మూడు వారాలుగా దిగమింగిన కోపమంతా ఆమె నోట్లోంచి వచ్చేసింది.

"సార్, కొలతలు తర్వాత. మొదట వెనక కాలి వేళ్లు లెక్కపెట్టండి."

"నాలుగని రాశానుగా."

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఎవరో అన్నారట బాబూ," అన్నారు మామగారు. "మీరు నాలుగంటున్నారు, అంతే తేడా."

సూపరింటెండెంటుగారు ముఖం చిట్లించి మోకాళ్లమీద కూర్చున్నారు. ఒకటి, రెండు, మూడు. నాలుగోదాని కోసం బొచ్చులో వెతికారు. రెండో కాలు చూశారు. అక్కడా మూడే. లేచి గబగబా ఆఫీసుకెళ్లి, జంతువుల పుస్తకం తెరుచుకుని చదువుతూనే తిరిగొచ్చారు.

"బరువు నడిమి వేలిమీద... గుర్రానికీ ఖడ్గమృగానికీ దగ్గరి చుట్టం... నేను పేజీ తిప్పలేదు!" ఆయన పుస్తకం మూసేశారు. "నిజం చెప్తున్నానమ్మా, వెనక్కి వెళ్లి చూడలేదు. ఏ జంతువు వెనకా నిలబడకురా, తంతుందని చిన్నప్పుడు మా అమ్మ చెప్పింది."

ముగ్గురూ పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

లారీ ఉత్తర్వు అక్కడికక్కడే రద్దయింది. సిమెంటు దొడ్డి నుంచి బురద దొడ్డికి దారంతా తడి గడ్డి పరిచారు. సూపరింటెండెంటుగారు కోటు విప్పేసి గడ్డి మోపులు మోశారు. ఈలరాణి లేచింది. ఒక అడుగు వేసి ఆగింది, ఇంకోటి వేసింది. బురద వాసన తగిలాక ఇక ఎవరి మాటా వినలేదు. కాలు దిగబడగానే వేళ్లన్నీ విడివిడిగా విచ్చుకున్నాయి. నీళ్లలోకి వెళ్లి మెడదాకా మునిగి, ముక్కు మాత్రం పైకెత్తింది.

ఇన్ని రోజులుగా ఆగిపోయిన ఈల మళ్లీ వినిపించింది. గట్టుమీద కూర్చున్న మామగారు చెవి అటు పెట్టి, "అదేనా?" అని అడిగారు. "అదే మామయ్యా, అదే," అంటూ కీపరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. సంతోషం పట్టలేక ఆ కొంగుతోనే ఆయన నుదుటి చెమట కూడా తుడిచేసింది.

సోమవారానికి బేసి వీధిలో కొత్త బోర్డు వెలిసింది. మామగారు రోజూ క్యారియరు తెచ్చినప్పుడల్లా దాన్ని కోడలిచేత చదివించుకుని మరీ ఇంటికెళతారు. పెద్దక్షరాల్లో జంతువు పేరు, దాని చుట్టాల పేర్లు ఉంటాయి. అడుగున సూపరింటెండెంటుగారి చేతిరాతలో ఒక్క వాక్యం.

"దయచేసి వెనక కాళ్లు కూడా చూడండి. ఇది తన్నదు."