తడి తగలకూడని గది

గోదావరి డెల్టాలో నేల కింద గది తవ్వడమంటే బావి తవ్వడమే. అందుకే రామచంద్రపురంలో కొబ్బరి వ్యాపారి ఆరోన్ ఇంట్లో, అతని భార్య సుగుణ పెట్టిన వైన్ సీసాలన్నీ వంటింటి వెనక గదిలోనే ఉండేవి. ఏటా క్రిస్మస్‌కి ద్రాక్షవైన్ పెట్టి చుట్టుపక్కల అందరికీ పంచడం ఆవిడ అలవాటు. ఒక ఏడాది వైన్‌ని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

"మన ముప్పయ్యో పెళ్ళిరోజుకి తీద్దామండి. ఈలోగా ముట్టుకున్నారంటే ఊరుకోను" అని, సీసాలకి బెండు బిరడాలు బిగించి వరసగా పడుకోబెట్టింది.

ఆ తర్వాత సుగుణే మంచాన పడింది. కడుపులో గడ్డన్నారు, రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చారు. ఆ వేసవిలో వెనక గది కుంపటిలా కాలిపోయింది. గడ్డని ఆపడం ఆరోన్ చేతిలో లేదు. వైన్‌ని కాపాడ్డం ఉందనుకున్నాడు, పాపం.

ఆ గదికి ఏసీ కోసం ఆసుపత్రి వరండాలోంచి హైదరాబాద్ డీలరుకి ఫోన్ చేశాడు.

"మామూలు ఏసీ వద్దండి. వైన్ గదులకి వేరే యూనిట్ ఉంటుంది. చల్లదనంతో పాటు గదిలో తేమ కూడా నిలబెడుతుంది" అన్నాడు డీలరు.

తేమ అనేసరికి ఆరోన్‌కి ఒళ్ళు మండింది. తడి గరిటె తగిలితే జాడీడు ఆవకాయ బూజు పట్టడం ఎరగని గోదావరి వాడెవడైనా ఉన్నాడా? చేజేతులా డబ్బిచ్చి తేమ కొనుక్కునే వెర్రివాణ్ణనుకున్నాడా ఇతను? ఊళ్ళో ఏసీలమ్మే మణిదీప్ మాట మాత్రం చెవికింపుగా వినిపించింది.

"డ్రై మోడ్‌లో పెట్టుకోండి గురువుగారూ. గదిలో చుక్క తేమ ఉండదు."

సుగుణని ఒక్కమాట అడుగుదామనుకున్నాడు. ఆమె అప్పుడే వాంతి చేసుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఈమాత్రం నేను చూసుకోలేనా అనుకుని మణిదీప్ ఏసీనే బిగించాడు. పడుకోబెట్టిన సీసాలు కారతాయేమోనని, ఊరగాయ జాడీల్లాగా అన్నిటినీ నిలబెట్టాడు కూడా. ఆ ఏడాదంతా ఏసీ ఆపలేదు.

మళ్ళీ వేసవి వచ్చింది. ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టమన్నారు డాక్టర్లు. ఆ మాటకి అర్థం ఆరోన్‌కి తెలుసు, సుగుణకీ తెలుసు. మెతుకు ముట్టని మనిషి పెళ్ళిరోజు పొద్దున్నే కళ్ళు తెరిచి, "ఇవాళే కదండీ" అంది.

ఆరోన్ వెనక గదిలోకి వెళ్ళి సీసా తీశాడు. బిరడా వేళ్ళతో పట్టుకోగానే ఊడొచ్చింది, ఎండి పొడిపొడిగా రాలింది. గుప్పున పులుపు వాసన. ఇంకో సీసా తీశాడు, ఇంకోటి తీశాడు. అన్నీ అంతే. అక్కడే కూలబడ్డాడు. బజారుకెళ్ళి ఏదో సీసా కొనుక్కొచ్చి ఇదేనని పోస్తే? ఆమెకి రుచి తెలిసేట్టుందా ఇప్పుడు? ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

"ఏవండీ" అని పిలిచింది సుగుణ.

గ్లాసులో కాస్త పోసుకుని వెళ్ళాడు. "పాడైపోయిందే. నేనే పాడుచేశాను" అన్నాడు.

సుగుణ వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. మొహం చిట్లించింది. "సీసాలు నిలబెట్టారా?"

"ఊరగాయలాగే అనుకున్నాను. హైదరాబాద్ డీలరు తేమ నిలిపే మిషన్ ఉందన్నా, తడి తగలకూడదని మామూలు ఏసీ..."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు వదల్లేదు. ఆమె వీపు నిమురుతూ ఆరోన్ ఏడ్చాడు.

"బిరడా తడిగా ఉండాలండీ, ఎండితే లోపలికి గాలి పోతుంది. అందుకే పడుకోబెట్టాను. నన్నడగొచ్చు కదా?"

"నిన్ను కష్టపెట్టడం ఎందుకని..."

"అడిగితే కష్టమేముంది? నేనింకా ఉన్నాను కదా" అంది. "ఆ హైదరాబాదాయనకి ఫోన్ చెయ్యండి. ఆయన చెప్పిన మిషనే తెప్పిద్దాం. చలికాలం వెళ్ళి ద్రాక్షపళ్ళు రాగానే మళ్ళీ పెడతాను."

ఎదురు చెప్పే ధైర్యం ఆరోన్‌కి లేదు. ఆమె వినాలని స్పీకర్‌లో పెట్టి ఫోన్ చేశాడు. డీలరు గది కొలతలడిగాడు, గోడలకి వేడి ఆపే లైనింగ్ వేయించమన్నాడు. ఆరోన్ అన్నిటికీ ఊ కొట్టాడు.

"ఎప్పటిలోగా కావాలండి?" అన్నాడు డీలరు.

ఆరోన్ సుగుణ వైపు చూశాడు. సుగుణ చెయ్యి చాపి ఫోన్ దగ్గరికి లాక్కుంది.

"తొందరేం లేదండి. ఫిబ్రవరిలోగా వస్తే చాలు" అంది.