సున్నపు పాదాలు

పాత చెక్క గానుగ దగ్గర్నుంచి కొత్త ఇనుప గానుగ దాకా ఇరవై రెండు అడుగులు. ఆ ఇరవై రెండూ నడిచిన రైతు చివర్న పిడి పట్టుకుని చెరకు ఆడించక మానడు, ఆడించినవాడు కొనక మానడు. ఇదీ గానుగలమ్మే గంగాధరం లెక్క. అందుకే తిరుపతి ఎగ్జిబిషన్లో తన పందిట్లో నేల మీద సున్నంతో పాదాల గుర్తులు వేయించాడు. వాటి మీద అడుగులేసుకుంటూ పోతే దారి చెప్పే మనిషి అవసరం ఉండదు. గానుగల జిల్లా ఏజెన్సీ తనకివ్వాలో, పుత్తూరు మునిరామయ్యకివ్వాలో తేల్చడానికి మద్రాసు కంపెనీ మనిషి జయరామ్ శనివారం వస్తున్నాడు. జనం గానుగ తిప్పుతుంటే ఆయన చూడాలి.

శుక్రవారం దాకా ఒక్కరూ తిప్పలేదు. వచ్చినవాళ్లంతా మొదటి జత పాదాల దగ్గరే ఆగి, చెప్పులు విడిచి, వంగి కళ్లకద్దుకున్నారు. పసుపు కుంకుమ పెట్టారు.

"అమ్మా, అవి తొక్కుకుంటా పోవల్ల," అన్నాడు గంగాధరం ఒక ముసలమ్మతో.

"స్వామి పాదాలు తొక్కమంటావా నాయనా? కండ్లు పోతాయి!"

"స్వామివి కాదమ్మా. రంగులేసే పెంచలయ్యవి. వాని కాలు పెట్టే గీసినాడు."

"ఎంత పుణ్యం చేసుకున్నాడో పెంచలయ్య!" అని ఆమె ఇంకో పువ్వు పెట్టింది.

గంగాధరం ఒళ్లు మండి పెంచలయ్యను పిలిపించాడు. "కడిగెయ్యప్పా వాటిని!"

"కుంకం పెట్టినాక నేను కడగనన్నా. నాకు పిల్లలుండారు."

"బాణాలు గీసింటే సరిపోయేది కదరా!"

"పాదాలే కావల్లన్నది నువ్వు. కొండ కింద పాదాలు గీయిస్తే మొక్కక తొక్కతారా?"

తానే చీపురు పట్టుకుంటే పక్క పందిళ్లవాళ్లు మీదికొచ్చారు.

శనివారం జయరామ్ వచ్చాడు. జనాన్ని చూసి మొహం విప్పారింది. ఇనుప గానుగ దగ్గరికి పోయి చూస్తే చెరకు పిప్పి పోగు కూడా లేదు. "ఎవరూ తిప్పలేదా?"

"దోవ తెలీక ఆగిపోయినారు సార్. ఇదో, నేను నడిచి సూపిస్తా."

గంగాధరం మొదటి పాదం మీదికి కాలెత్తాడు. కింద కుంకుమ, మల్లెపూలు. చుట్టూ వందమంది కళ్లు. పెంచలయ్య కాలే, తాను చూస్తుండగానే గీసిన కాలే. అయినా ఎత్తిన కాలు పక్కకు జరిగి నేల మీద దిగింది. రెండోదీ అంతే. ఇరవై రెండడుగులూ కాళ్లు ఎడంగా పెట్టుకుని బాతులా నడిచి, గానుగ చేరి వెనక్కి తిరిగాడు.

"మీకే కాలు రాలేదే," అన్నాడు జయరామ్. "ఇంకొకరికి ఎట్లా వస్తుంది? మునిరామయ్య తన దగ్గరికొచ్చిన రైతులకు చెరకు గడ చేతికిచ్చి గానుగ తిప్పించినాడు. ఏజెన్సీ ఆయనకే."

"సార్, ఒక్క మాట..."

"దోవ ఇడు నాయనా," అంది ఆ ముసలమ్మ దగ్గరికొచ్చి, "పాదాలకు ఆరతి తెస్తా ఉండారు."