చెయ్యెత్తిన కట్టయ్య

మధ్యాహ్నం దాకా ఆకు కూడా కదల్లేదు. ఎండాకాలం చెరువు అంతే మరి, పసిపిల్లలా పడుకొని ఉంటుంది, ఉన్నట్టుండి లేచి మనిషిని పట్టుకుంటుంది. కట్ట వెనకాల దుమ్ము లేవడం చూడగానే జాలర్లంతా వలలు నీళ్లలోనే వదిలి తెప్పలను ఒడ్డుకు చేర్చారు. థర్మాకోల్ అట్టలు సంచుల్లో కుట్టి కట్టిన తెప్పలు కదా, గాలికి ఇస్తరాకుల్లా ఎగురుతాయి. కట్టయ్య ఒక్కడే వల లాగుతూ నడిమధ్యలో ఉండిపోయాడు.

కట్ట మీద చేపలు కోస్తున్న చిలుకమ్మ చెయ్యి ఆగింది. నిరుడు ఇలాంటి గాలికే ఆమె భర్త సారయ్య పోయాడు. వేసిన వలను ఎవడో ఎత్తుకుపోతున్నాడని పాపం, వలతాడు నడుముకు కట్టుకొని తెప్ప మీద కూర్చునేవాడు. గాలి వలను గుంజింది, వల సారయ్యను గుంజింది. ఎత్తుకుపోయేది కట్టయ్యేనని చిలుకమ్మకు తెలుసు. ఆ కట్టయ్యే దినాల నాడు విస్తరి ముందు కూర్చొని, "తాగి తెప్ప మీద నిలవడ్డడు, పడ్డడు" అన్నాడు. ఊరంతా నమ్మింది. కల్లు వాసన కూడా పడని మనిషి చచ్చాక తాగుబోతయ్యాడు. ఏడుపు ఎప్పుడో ఆరిపోయింది గానీ, ఆ మాట మాత్రం చిలుకమ్మ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

జాలర్ల సంఘం పెద్ద ఐలేశ్ ఉరికొచ్చాడు.

"అక్కా, వాని వల నీళ్ల కింది మోడుకు చిక్కింది. తాడేమో నడుముకు కట్టుకున్నడు! నీ లారీ ట్యూబు ఇయ్యి, జల్ది!"

"ఎందుకు కట్టుకున్నడట? వాని వలను సుత ఎవలన్న ఎత్కపోతరనా?" అంటూ చిలుకమ్మ పోయి, గాలి నింపి పెట్టిన ఆ ట్యూబు మీదే కూర్చుంది.

"గిదా యాళ్ల? మనిషి మునుగుతుండు!"

"నా మనిషి మునిగినంక మీరందరు ఏమన్నరు?"

ట్యూబు లాక్కోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆ మాట అన్నవాళ్లే అందరూ.

పక్కనున్న బుచ్చమ్మ చెవి దగ్గరికొచ్చింది. "ఊకో చిలుకక్కా. పోతే పీడ పోతది."

"వాడు పోతే నిజం ఎవలు చెప్తరే?"

చిలుకమ్మ లేచింది. గాలి ఆమె వీపు మీదుగా నీళ్లలోకి వీస్తోంది. ఆమె మాట అవతలికి పోతుంది, వాడి మాట ఇవతలికి రాదు.

"ఓ కట్టయ్యా! మా ఆయన వలలు ఎత్కపోయింది నువ్వేనా? నువ్వే అయితే చెయ్యెత్తు!"

తెప్ప లేచి పడింది. వాడు రెండు చేతులా అట్టను కరుచుకున్నాడు.

"ఎత్తవా? నాకేం తొందర లేదు. గాలికే ఉన్నది!"

ఒక అల వాడి నెత్తి మీదుగా పోయింది. దగ్గుతూ పైకి తేలి, ఒక చెయ్యి ఎత్తాడు. కట్ట మీది వాళ్లంతా చూశారు.

"సారయ్య తాగిండా?"

ఎత్తిన చెయ్యి అడ్డంగా ఊగింది.

చిలుకమ్మ చేపలు కోసే కత్తిని గోనెగుడ్డలో చుట్టి ట్యూబుకు కట్టింది. పొడుగాటి తాడు ముడేసి నీళ్లలోకి వదిలింది. గాలే దాన్ని తోసుకుపోయింది.

"తాడు కొయ్యి! వల మీద పానం పెట్టకు! లేవకు, ట్యూబు మీద బోర్ల పండుకో. నువ్వు ఈదకు, మేం గుంజుతం!"

వాడు వలతాడు కోసి ట్యూబు మీద బోర్లా పడగానే నలుగురు పట్టి గుంజారు. ఒడ్డుకొచ్చి నీళ్లు కక్కుకొని, కట్టయ్య ఆమె కాళ్ల మీద పడబోయాడు.

"అక్కా, నా పానం నిలవెట్టినవ్."

ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

"నీ పానం నాకెందుకురా? నాకు నీ నోరు గావాలె. కొడుకు తాగి సచ్చిండని మా అత్త యాడాది సంది గడప దాటలే. ముందుగాల ఆమెకు చెప్పు. అటెన్క ఇంటింటికి చెప్పు. నడువు!"

వాడు నడుముకు వేలాడుతున్న తాడు విప్పుకోబోయాడు.

"ఉండనియ్యి," అంది చిలుకమ్మ. తాడు కొస చేత పట్టుకొని, వాణ్ని ముందు నడిపిస్తూ ఊళ్లోకి పోయింది.