రెండుసార్లు తలుపు కొట్టే మనిషి

రేడియో నాటకంలో తలుపు నాది. స్టూడియో గోడకి ఆనించి ఉండే ఆ తలుపు నా మోకాలెత్తు కూడా ఉండదు. గడియ, తాళం, కిర్రుమనే మడతబందులు అన్నీ ఉన్నాయి, ఇల్లు మాత్రం లేదు. దాని పక్కన కంకర పోసిన రేకు పళ్ళెం, అందులో నడిపించడానికి ఒక జత పాత బూట్లు, వానకి గింజల డబ్బా, టిక్కుటిక్కు వినబడకుండా దుప్పటి ముక్కల్లో చుట్టిపెట్టిన నాలుగు గడియారాలు. మాటలు పిల్లలు చెబుతారు. మిగతా లోకమంతా నా బల్ల మీద ఉంటుంది. అందుకే నన్ను శబ్దాలమ్మమ్మ అంటారు. గుసగుస ఒక్కతే నానమ్మా అంటుంది, నా కొడుకు కూతురు కాబట్టి.

గుసగుస అన్నది తోటి పిల్లలు పెట్టిన పేరు. తొమ్మిదేళ్ళు దానికి. పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు మాట్లాడుతుంది. నాటకాలు రాసి, నేర్పించే అమ్మాయి, పిల్లలందరికీ అక్క, దాన్ని వరసగా మూడు నాటకాల్లో జనంలో నిలబెట్టింది. జనమంతా "అయ్యో" అన్నప్పుడు ఇదీ "అయ్యో" అంది. మావాడు, అదే దాని నాన్న, దర్జీ. కొట్లో మిషన్ ఆపి మరీ రేడియో విన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చాక నన్ను పక్కకి పిలిచి అడిగాడు.

"అమ్మా, ఆ అయ్యోల్లో మనదేది?"

ఏం చెప్పను?

నాలుగో నాటకంలో దానికి వేషం దొరికింది. వాన కురుస్తుంటే గడియారాలు బాగుచేసే కొట్టుకి ముగ్గురు వస్తారు. రేడియోలో మొహాలు కనిపించవు కదా, అందుకని అక్క ఒక ఉపాయం పెట్టింది. తలుపు ఒకసారి కొడితే పోస్ట్‌మాన్. రెండుసార్లు కొడితే నిద్రపట్టని పాప. మూడుసార్లు కొడితే స్టేషన్ మాస్టర్. చివర్లో స్టేషన్ మాస్టర్ కొట్టాయన్ని స్టేషన్ గడియారం బాగుచేయడానికి తీసుకుపోతాడు, తలుపుకి తాళం పడుతుంది, కథ అయిపోతుంది. నిద్రపట్టని పాప మా గుసగుస. పద్దెనిమిది మాటలు. అన్నం తింటూ, జడ వేయించుకుంటూ నెలరోజులు వల్లించింది.

మా నాటకాలు ముందే రికార్డు చేసి వేసేవి కావు. పిల్లలు మాట్లాడుతుంటే అప్పటికప్పుడే ఊరంతా వింటుంది. అందుకని మాకు ఒక కట్టుబాటు ఉంది. పొరపాటు జరిగితే ఆగకూడదు, "కాదు కాదు" అని వెనక్కి వెళ్ళకూడదు. విన్నవాళ్ళు ఏది విన్నారో అదే కథ. ఎవరి చేతిలోంచో గ్లాసు జారి పగిలితే, "పిల్లి దూరినట్టుంది" అని ఎవరో ఒకరు అనాల్సిందే.

ఆ ఆదివారం పొద్దున ఎర్ర దీపం వెలిగింది. కొట్టాయన వేషం బొంగురుది. పదమూడేళ్ళవాడు, గొంతు మారుతోంది, సగం మాట తండ్రిలా, సగం మాట చెల్లెల్లా పలుకుతాడు.

"ఈ వానలో ఎవరొస్తారు నా కొట్టుకి?" అన్నాడు. "ఒకసారి కొడితే పోస్ట్‌మాన్. రెండుసార్లు కొడితే నిద్రపట్టని పాప. మూడుసార్లు కొడితే స్టేషన్ మాస్టర్ గారు."

నా ఎడమచేతిలో వాన కురుస్తోంది. కుడిచెయ్యి తలుపు మీద ఉంది. ఒక్కసారి కొట్టాలి. ఎదురుగా గుసగుస నిలబడి ఉంది. చేతిలో మూడు కాగితాలున్నాయి, పెదవులు మొదటి మాటని నములుతున్నాయి. "చెప్పగలవే తల్లీ" అని మనసులో అనుకుంటూ తలుపు కొట్టాను.

టక్. టక్. టక్.

మూడోది చెవిన పడ్డాకగానీ నా చెయ్యి చేసిన పని నాకు తెలియలేదు.

పోస్ట్‌మాన్ వేషంవాడు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. బొంగురు నావైపు చూశాడు. నేను తలుపువైపు చూశాను, అదే తనంతట తను కొట్టుకుందేమో అన్నట్టు. వాడు అర క్షణం కంటే ఎక్కువ ఆగలేదు.

"మూడు! స్టేషన్ మాస్టర్ గారూ, రండి రండి, తడిసి ముద్దయిపోయారు!"

కట్టుబాటు కట్టుబాటే. స్టేషన్ మాస్టర్ వేషం వేసిన బుడ్డది కళ్ళజోడు సర్దుకుని ఆఖరి కాగితాలు వెతుక్కుంది. కథ ఒక్క గెంతులో చివరికి వచ్చేసింది. కాగితాలు గరగరలాడకుండా, చదివిన కాగితాన్ని చాప మీదకి జారవిడవడం మా అలవాటు. గుసగుస తన కాగితాలు మూడూ, చదవకుండానే, ఒక్కొక్కటిగా కింద పెట్టేసింది. అరిచి ఏడ్చినా నాకు అంత బాధ కలిగేది కాదు.

"పదండి, రైలు మనకోసం ఆగదు!" అంది బుడ్డది. నేను తలుపు మూశాను. తాళం తిప్పాను. కథ అయిపోయింది.

అద్దం అవతల ప్రసారం మిషన్ల దగ్గర ఉండే కుర్రాడు, అందరం తమ్ముడు అంటాం, తొమ్మిది వేళ్ళు చూపించాడు. ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి. అక్క తల పట్టుకుంది. అతను పాట వేయడానికి చెయ్యి చాచాడు. ఆ పాట మొదలైందంటే ఇక ఇంతే. మావాడు రేడియో కట్టేసి మళ్ళీ మిషన్ తొక్కుకుంటాడు.

టక్. టక్.

ఈసారి లెక్కపెట్టే కొట్టాను. తమ్ముడి చెయ్యి ఆగింది. విన్నారంటే కథే కదా.

గుసగుస తలెత్తింది. కొట్లో ఎవరూ లేరు. దాని పద్దెనిమిది మాటలూ కొట్టాయనతో అనాల్సినవి. ఒక్కటీ పనికిరాదు. మెల్లగా మైకు దగ్గరికి నడిచింది.

"ఎవరూ... లేరా?"

అదే గుసగుస గొంతు. వానలో, తాళం వేసిన తలుపు ముందు, ఒంటరి పిల్ల ఇంకెలా మాట్లాడుతుంది? నేను గింజల డబ్బా ఊపు తగ్గించాను. దాని మాట పైకి తేలింది.

"లోపల ఎవరో ఉన్నారు. గడియారాలూ, మీరేనా?"

ఒక గడియారానికి దుప్పటి విప్పాను. టిక్, టిక్, టిక్.

"మీకూ నిద్ర పట్టట్లేదా?"

మిగతా మూడూ విప్పేశాను.

"అబ్బ, అందరూ ఒకేసారి మాట్లాడకండర్రా! ముందు పెద్దవాళ్ళు చెప్పండి."

పెద్ద గడియారం గంట మోగించాను. అద్దం అవతల తమ్ముడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అక్క తల మీంచి చేతులు దిగాయి. బొంగురు ఇక ఆగలేకపోయాడు.

"నా గొడుగు! గొడుగు మర్చిపోయా!" అని మైకు మీదకి ఉరికాడు. వాన డబ్బా కింద పెట్టేసి, బూట్లు చేతులకి తొడుక్కుని కంకరలో పరుగెత్తించాను.

"ఎవరమ్మాయ్ నువ్వు, నా కొట్టు ముందు?"

"తాళమేసి ఎక్కడికి పోయారండీ? లోపల మీ గడియారాలు ఏడుస్తున్నాయి."

"ఏడుపు కాదే, టైము చెప్తున్నాయి."

"పగలూ రాత్రీ ఒకేలా చెప్తాయేం మరి?"

పోస్ట్‌మాన్ నావైపు ఒక వేలు చూపించి బతిమాలుతున్నాడు. ఒక్కసారి కొట్టాను. నిన్నటి ఉత్తరం పట్టుకుని వాడూ వచ్చేశాడు. రెండు నిమిషాలున్నాయనగా బుడ్డది మూడు వేళ్ళూ నా ముక్కు మీదకి తెచ్చింది, మూడుసార్లూ కొట్టాను.

"ఎంతసేపండీ గొడుక్కి? అక్కడ రైలు ఆగిపోయింది!"

"రైలు ఆగదన్నారుగా ఇందాక!" అంది గుసగుస. అద్దం దాకా వినబడేంత గట్టిగా అంది.

"స్టేషన్ గడియారం ఆగిందమ్మా. ఎప్పుడు కదలాలో రైలుకెలా తెలుస్తుంది?"

తమ్ముడు పిడికిలి చూపించాడు, ముగించమని. గుసగుస నావైపు తిరిగి వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"ష్. గడియారాలకి నిద్రొస్తోంది."

ఒక్కొక్కదానికీ దుప్పటి కప్పుతూ వచ్చాను. నాలుగోది కూడా ఊరుకున్నాక ఎర్ర దీపం ఆరింది.

అక్క లోపలికి రాగానే నేనే ముందు చెప్పాను. "మూడు కొట్టింది నేనేనమ్మా. తప్పు నాది."

"ఏం తప్పు పెద్దమ్మా? విన్నవాళ్ళకి మూడే వినబడ్డాయి" అంది అక్క. ఆ తర్వాత బొంగురుని పట్టుకుని, "గొడుగు ఎక్కడినుంచి తెచ్చావురా?" అని వాడి జుట్టు చెరిపేసింది.

మేం వచ్చేసరికి మావాడు మెడలో టేపుతో కొట్టు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. లోపల ఒక పెద్దాయన ప్యాంటు పట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మా, అది మాట్లాడేటప్పుడు వాన తగ్గించావు కదూ?" అన్నాడు మావాడు.

"నాన్నా, వినబడిందా?" అంది గుసగుస.

"ఏంటీ?"

"వినబడిందా అని!"

"ఎందుకు వినబడలేదమ్మా" అన్నాడు పెద్దాయన, ప్యాంటు పైకెత్తి చూపిస్తూ. "మిషన్ ఆపి వినవయ్యా అంటే వినకుండా, నీ మాటలు వింటూ మీ నాన్న నా ప్యాంటు కాళ్ళు రెండూ కలిపి కుట్టేశాడు."

"చెయ్యి ఊరుకోలేదండీ" అన్నాడు మావాడు.

మా ఇంటి చేతులంతే అనుకుని, కత్తెర తీసుకుని కుట్లు విప్పడానికి కూర్చున్నాను. గుసగుస నవ్వుతోంది. ఎదురింటావిడ కిటికీ తెరిచి ఏమైందని చూసేంత గట్టిగా నవ్వుతోంది.