గుండెపెట్టె

రామసుబ్బయ్య పడిపోయిన చోటికీ ఆఫీసు తలుపుకీ మధ్య దూరం డెబ్బై రెండు అడుగులు. ఆయన చచ్చిపోయిన మర్నాడు లాల్ బాషా నడిచి మరీ కొలుచుకున్నాడు. మనిషి ప్రాణంతో ఉన్నప్పుడు పరిగెత్తాల్సిన దూరాన్ని, పోయాక తీరిగ్గా కొలిచాడు.

అరబ్బు దేశంలో అమ్ఘరా అనే చోట తుక్కు యార్డు అది. మే నెల, పొద్దున పదిన్నర. లక్కిరెడ్డిపల్లె పక్క పల్లె నుంచి వచ్చిన రామసుబ్బయ్యకు యాభై రెండేళ్ళు. పాత కార్లను మంట చిమ్మే గ్యాస్ టార్చితో కోయడం పని. ఆ పొద్దున టార్చి ఆర్పేసి ఒక కారు బానెట్ మీద కూలబడ్డాడు.

“ఏమైంది మామా?” అన్నాడు పక్కన కోస్తున్న రామాంజనేయులు. ఊరి వరసకు అల్లుడు.

“ఎద మింద బండ పెట్టినట్టుండాది రా. ఎడం చెయ్యి లాగతాండాది.”

“గ్యాసు పట్టింటాది. రాత్రి పప్పు ఎక్కువ తింటివి గదా.”

మనవాళ్ళకు ఎదలో ఏ నొప్పి వచ్చినా గ్యాసే. ఒకడు సోడా తెచ్చి తాగించాడు, ఒకడు వీపు రుద్దాడు, ఇంకొకడు బామ్ పూశాడు. వాళ్ళలో చెడ్డవాడు ఒక్కడూ లేడు. అందరూ కలిసి ప్రేమగా పావుగంట పోగొట్టారు. “ఆస్పత్రికి పోదాం పాండ్రా” అని రామసుబ్బయ్యే రెండుసార్లు అడిగాడు. పని టైములో బండి కదలాలంటే ముదీర్ మాట కావాలి. ముదీర్ అంటే యార్డు మేనేజరు. ఫోర్‌మన్ ఫోన్ చేస్తే, ముందు వాడి బతాకా, అదే గుర్తింపు కార్డు, ఎక్కడుందో చూడమన్నాడాయన. కార్డు కూలీలుండే కాంపులో, ట్రంకుపెట్టెలో ఉంది. ఆ మాట నడుస్తుండగానే రామసుబ్బయ్య బానెట్ మీంచి పక్కకు ఒరిగి నేల మీద పడ్డాడు.

ఇదంతా ఆఫీసు అద్దం తలుపులోంచి లాల్ బాషా చూశాడు. రాయచోటి మనిషి, ఆఫీసులో ఫర్రాష్. ఊడవడం, తుడవడం, టీ కాచి ఇవ్వడం అతని పని. అప్పుడతని చేతిలో తడిగుడ్డ ఉంది. తుడుస్తున్నది గోడకున్న తెల్ల పెట్టెను.

ఆ పెట్టె కథ చెప్పాలి. ఒక కారు మొత్తాన్ని పిడికెడు ముక్కలు చేసే పెద్ద మిషనును యార్డు యజమాని యూరప్ నుంచి తెప్పించాడు. దాన్ని బిగించడానికి ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. సోరెన్‌ది డెన్మార్క్, మిహాయ్‌ది రొమేనియా. వాళ్ళు కూర్చునే చోట ఈ పెట్టె ఉండి తీరాలని కాంట్రాక్టులో రాసుకున్నారు కాబట్టి వచ్చింది. మార్చిలో మిహాయ్ కుర్చీలోంచి జారి పడిపోయాడు. సోరెన్ పెట్టె తెరిచి లోపలి మిషను తీశాడు. లాల్ బాషా చేత చొక్కా చింపించాడు. మిషను తనంతట తానే మాట్లాడి, ఏం చేయాలో చెప్పింది. ఎద మీద రెండు పట్టీలు, ఒక్క కరెంటు కుదుపు. అంబులెన్సు కోసం ముదీర్ స్వయంగా 112కు ఫోన్ చేశాడు. ఆ రోజు ఏ కార్డూ అడగలేదు. మిహాయ్ బతికాడు.

కాబట్టి యార్డులోని అరవై మంది కూలీల వైపు ఆ పెట్టె సంగతి తెలిసినవాడు లాల్ బాషా ఒక్కడే. రామసుబ్బయ్య పడగానే అతని చేయి మూత మీదికి వెళ్ళింది. ఆఫీసు సామాను గడప దాటకూడదని ముదీర్ హుకుం. పోయినేడు ఎండదెబ్బ తగిలినవాడికి గాలి ఆడుతుందని మాబు అనేవాడు టేబుల్ ఫ్యాను బయటికి తీసుకెళితే, దొంగ అని రాయించి నాలుగో రోజున విమానం ఎక్కించారు. లాల్ బాషాకు ఆ ఫ్యాను గుర్తొచ్చింది. చేయి దించాడు. గుడ్డ పిండుకుని కిటికీ తుడవసాగాడు.

రామసుబ్బయ్యను పికప్ వెనకాల వేసుకుని పోయారు. ఆస్పత్రికి పోయే జహ్రా రోడ్డు ఎక్కకముందే ప్రాణం పోయింది.

మూడో రోజు నుంచి రామసుబ్బయ్య రావడం మొదలుపెట్టాడు. పట్టపగలు, పదిన్నరకే. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఇనుప రజను అంటిన చేతులతో అద్దం తలుపు బయట నిలబడేవాడు. తిట్టడు, అడగడు. లోపలికి మాత్రం రాడు. కూలీలకు ఆఫీసులోకి ప్రవేశం లేదు కదా, చచ్చినా ఆ భయం పోలేదు మనిషికి. ఒకసారి లాల్ బాషా ఉండబట్టలేక, “టీ తాగుతావా సుబ్బయ్యన్నా?” అని పైకే అన్నాడు. కంప్యూటర్ దగ్గర కూర్చున్న గుమాస్తా తలెత్తి వింతగా చూశాడు.

రామసుబ్బయ్య భార్య సంజీవమ్మ పక్కనున్న జహ్రా ఊళ్ళోనే ఒక అరబ్బుల ఇంట్లో పనిమనిషి. మామా అని పిలిచే ఇంటి యజమానురాలు మనసు కరిగి ఫోన్ చేతికిచ్చినప్పుడల్లా లాల్ బాషాకు చేసేది.

“బాషా, నువ్వు ఆడ్నే ఉంటివంట గదా. ఆయప్ప ఆఖర్న ఏమన్నా అన్న్యాడా?”

“నేను లోపల ఉంటి వదినా. ఇనపల్యా.”

“కండ్లకు ఆనినాడా?”

“ఆనినాడు.”

ఫోన్ పెట్టేశాక లాల్ బాషాకు అన్నం సయించేది కాదు.

వారం తిరక్కుండా ముదీర్ ఒక అరబ్బీ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. చచ్చినవాడికి గుండెజబ్బు పాతదేననీ, ఆస్పత్రికి పొమ్మంటే వాడే వద్దన్నాడనీ అందులో ఉందని హిందీలో చెప్పాడు. ఆఫీసులోంచి చూసినవాడివి నువ్వే కాబట్టి సాక్షిగా సంతకం పెట్టు, ఖలాస్, అన్నాడు. చదివించుకుని పెడతానని లాల్ బాషా శనివారం దాకా గడువడిగాడు. ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే పర్మిటు, రాసేదీ ముదీరే, కొట్టేయించేదీ ముదీరే. శనివారం తర్వాత ఏం చేయాలో అతనికి తెలియలేదు.

గురువారం నాడు మిహాయ్ తన సామాను తీసుకోవడానికి వచ్చాడు. మనిషి సగమైపోయాడు. లాల్ బాషా టీ ఇస్తుంటే, బయట ఎవరో పోయారట కదా అని ఇంగ్లీషులో అడిగాడు. పదిహేనేళ్ళుగా ఆఫీసుల్లో నలిగినవాడు కాబట్టి లాల్ బాషాకు ఆ భాష బాగానే అర్థమవుతుంది.

“మా నాన్న కూడా ఇలాగే పోయాడు,” అన్నాడు మిహాయ్. “కొండల్లో మా ఊరు. నొప్పి పొద్దున మొదలైంది, అంబులెన్సు మధ్యాహ్నానికి వచ్చింది. మూసుకుపోయిన రక్తనాళం తెరిచే ఆస్పత్రికి అక్కడి నుంచి ఇంకా మూడు గంటలు. సగం దారిలో అయిపోయింది. సోరెన్ వాళ్ళ నాన్నకూ అదే జబ్బు. వాళ్ళ వీధి మలుపులోనే ఇలాంటి పెట్టె ఉందట, తాళం లేకుండా. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి చేయాల్సింది చేసింది. గంటలోపల ఆస్పత్రిలో నాళం తెరిచారు. ముసలాయన ఇప్పుడు చేపలు పడుతున్నాడు.”

లాల్ బాషా నిలబడిపోయాడు. తెల్లవాళ్ళంతా ఒక్కటే అనీ, వాళ్ళ నొసటి రాత వేరు అనీ ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

“రెండూ యూరపే బాషా. గుండె కూడా ఒకటే. నేను మా ఊళ్ళో పడి ఉంటే మా నాన్న దారినే పోయేవాణ్ణి. ఈ తలుపుకు లోపలి వైపు పడ్డాను, బతికాను.”

“సోరెన్ సార్ వీధిలో పెట్టె ఎవరు పెట్టారు సార్?”

“జనం అడిగారు. అడిగేదాకా ఎక్కడా ఎవరూ పెట్టరు. మీవాడు ఎంత దూరంలో పడ్డాడు?”

“డెబ్బై రెండు అడుగులు.”

మిహాయ్ టీ కప్పు కింద పెట్టేశాడు.

“ఈ మాట ముదీర్ ముందు చెప్తారా సార్?”

మిహాయ్ నేల చూపులు చూశాడు. రేపే విమానం అన్నాడు, కంపెనీ అన్నాడు, భుజం తట్టి వెళ్ళిపోయాడు. మంచివాడే. అయితే మన పోరాటాలు మంచివాళ్ళ విమానాల టైము చూసుకుని నడవవు.

మర్నాడు శుక్రవారం. నమాజు అయ్యాక కాంపు మెస్సులో అరవై మందీ చేరారు. సంజీవమ్మ కూడా మామాను బతిమాలుకుని వచ్చింది. ముదీర్ కాగితం సంగతి మాట్లాడదామని రామాంజనేయులు పిలిచిన సభ అది. లాల్ బాషా లేచి కాగితం సంగతి చెప్పాడు. అంతటితో కూర్చోవచ్చు. కూర్చోలేదు.

“ఇంగోటి ఉండాది. సుబ్బయ్యన్న బతికేటోడే. ఆఫీసులో గోడకు గుండెపెట్టె ఉండాది. తెల్లాయన్ను బతికిచ్చింది అదే. నాకు తెల్చు. మూత మింద చెయ్యి గూడా పెట్టినా. తియ్యల్యా.”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక బెంచీలు కిందపడ్డాయి. రామాంజనేయులు వచ్చి గల్లా పట్టుకున్నాడు.

“సూచ్చా నిలబడినావా? మామ గిలగిలా కొట్టుకుంటా ఉంటే గుడ్డ పట్టుకోని సూచ్చా నిలబడినావా నువ్వు?”

“నిలబడినా.”

“ఏంటికి?”

“బయమేసినాది. మాబుగాని మాదిరి నన్నూ దొంగని చేచ్చారని.”

“చంపండ్రా నాకొడుకుని!” అని వెనకనుంచి కేక. “పొయ్యేకాలం వచ్చింది పోయినాడు, పెట్టె ఆపుతాదా?” అని ఇంకొకడు. “తెల్లోని గుండెకో మిషను, మన గుండెకు సోడానా?” అని మరొకడు. ఎవడి మాట వాడిది. లాల్ బాషా గల్లా విడిపించుకునే ప్రయత్నమే చేయలేదు. రెండు దెబ్బలు పడితే బాగుండునని అతనికి నిజంగానే అనిపించింది.

సంజీవమ్మ లేచింది. అరవై మందిలో ఒక్క ఆడమనిషి, అందరూ నోరు మూశారు.

“ఇడ్సు రామాంజీ,” అంది. తర్వాత లాల్ బాషా ఎదటికి వచ్చి నిలబడింది. “నిన్ను నేను మన్నిచ్చల్యా బాషా. మన్నిచ్చలేను. ఆ మాట ఇని ఎద మండిపోతాండాది. అయితే మీరంతా ఏం జేచ్చిరి? ఆస్పత్రి ఆస్పత్రి అని మొత్తుకుంటాంటే, ఆ ముదీరు గానికి ఫోన్ జేసి కూసుంటిరి. నూటపన్నెండుకు మీ చేతుల్లో ఫోన్లు లేవా? ఈయన పెట్టెకు బయపడె, మీరు ముదీరుకు బయపడితిరి. నా మొగుణ్ణి చంపింది గుండెనొప్పి కాదు, మనందరి బయం. రేపు ఇంగొకని పెండ్లాం ఈడికి రాకుండా ఏం జేచ్చారో అది చెప్పండి.”

రామాంజనేయులు గోడకానుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుపు అయ్యాక ముఖం తుడుచుకుని, “పెట్టె యార్డులోకి రావల్ల. తాళం లేకుండా. వచ్చేదాకా టార్చి ముట్టిచ్చేది లే,” అన్నాడు. సమ్మె అంటే ఇక్కడ జైలు, ఆపైన ఇంటికి విమానం అని అందరికీ తెలుసు. అయినా చేతులు లేచాయి. ఒక్కొక్కటే, బరువుగా, కానీ అన్నీ లేచాయి.

శనివారం పొద్దున అరవై మందీ చల్లారిన టార్చిలు పక్కన పెట్టుకుని తుక్కు గుట్ట దగ్గర నిలబడ్డారు. “యల్లా! యల్లా! కదలండి!” అని ముదీర్ గుమ్మంలోంచి అరిచాడు. ఎవరూ కదల్లేదు. ముదీర్ లోపలికి వచ్చి కాగితం, పెన్ను లాల్ బాషా ముందు పెట్టాడు.

“సంతకం చెయ్యి. వాళ్ళ సంగతి తర్వాత చూస్తా.”

“చెయ్యను సార్. అబద్ధం అది,” అన్నాడు లాల్ బాషా హిందీలో. గోడ దగ్గరికి పోయి మూత తెరిచాడు. పెట్టె కీచుమని అలారం కొట్టింది. మిషను తీసి చంకన పెట్టుకుని తలుపు తోశాడు. గుమ్మం బయట రామసుబ్బయ్య ఉన్నాడు. తప్పుకోలేదు. క్షమించినట్టూ లేడు. పక్కన నడిచాడు, అంతే. లాల్ బాషా డెబ్బై రెండు అడుగులూ వేశాడు. ఒక నిమిషం కూడా పట్టలేదు. ఒక నిమిషం కూడా పట్టని పని అది.

గుట్ట ముందు అందరినీ కూర్చోబెట్టాడు. రామాంజనేయులు మట్టిలో వెల్లకిలా పడుకున్నాడు. చేతులు ఎక్కడ పెట్టాలో, ఎంత లోతు నొక్కాలో, పట్టీలు ఎక్కడ అంటించాలో, మిషను ఇంగ్లీషులో చెప్పినదాన్ని లాల్ బాషా తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి చెప్పాడు. వరసగా వచ్చి ఒక్కొక్కరూ చేతులు పెట్టి చూశారు. పక్క యార్డు గోడ మీద కూడా తలలు లేచాయి. “ఇంకోసారి చెప్పు బయ్యా” అని అటువైపు నుంచి ఎవరో అరిస్తే, మళ్ళీ చెప్పాడు. ఇరవయ్యో మనిషి వంతు నడుస్తుండగా ముదీర్ పిలిచిన పోలీసు బండి వచ్చింది.

స్టేషన్లో ఆఫీసర్ లాల్ బాషాను నిదానంగానే అడిగాడు. హిందీ తెలిసిన పోలీసు ఒకడు మాట అందించాడు.

“దొంగతనం ఒప్పుకుంటావా? పెట్టె తీశావా?”

“తీసినాను సార్. కేసు రాయండి. తీసిన రోజుకు కాదు, తియ్యని రోజుకు రాయండి. ఆ రోజు మనిషి చచ్చిపోయినాడు.”

హిందీ పోలీసు ఆ మాటను అరబ్బీలోకి తిప్పడానికి కొంచెం తడబడ్డాడు. ఆఫీసర్ ముదీర్ ఇచ్చిన కాగితం ముందు పెట్టుకుని, చచ్చినవాడు ఆస్పత్రి వద్దన్నాడని ఇందులో ఉందే అన్నాడు. అప్పుడే వాకిట్లో అలికిడి అయింది. అమ్ఘరా నుంచి ఎండలో నడిచొచ్చారు, అరవై మందీ. అందరికంటే ముందు అరిగిన చెప్పులతో రామాంజనేయులు. కాపలా పోలీసు అడ్డం పడి, ఏం కావాలన్నాడు. సాక్ష్యం చెప్పడానికి వచ్చామన్నారు. ఒక్కడు రండి, చాలు, అన్నాడు పోలీసు.

“ఒగడైతే రేపే విమానం ఎక్కిచ్చేచ్చారు సార్,” అన్నాడు రామాంజనేయులు వచ్చీరాని హిందీలో. “ఆస్పత్రికి పోదామని మామే అడిగినాడు. మేం ఇన్న్యాం. అరవై మందిమీ ఇన్న్యాం. ఒక్కొక్కర్నీ రాసుకోండి.”

సాయంత్రం దాకా వరస తెగలేదు. లోపల బల్ల మీద కూర్చున్న లాల్ బాషాకు కిటికీలోంచి పేర్లు వినిపిస్తూనే ఉన్నాయి. తండ్రి పేరు, ఊరి పేరు, తర్వాత ఒక్కటే మాట, ఆయన అడిగినాడు, మేం ఇన్న్యాం. ముప్పై ఎనిమిదో పేరు దగ్గర కాగితాలు అయిపోతే ఆఫీసర్ లేచి కొత్త కట్ట తెచ్చుకున్నాడు.