వదులైన మాస్క్

"చేదు తగిలితే చెయ్యెత్తు," అంది సేఫ్టీ అక్క. మా ల్యాబ్‌లో ఏటా ఒకసారి ఇదొక తంతు. మాస్క్ పెట్టుకుని, తలమీద ప్లాస్టిక్ ముసుగు తగిలించుకుని నిలబడితే, అందులోకి ఆవిడ చేదు మందు కొడుతుంది. మాస్క్ ముఖానికి అతుక్కుని ఉంటే ఏమీ తెలియదు. సందుంటే నాలుక చెబుతుంది. నేను చూసుకునేది క్షయ సోకిన గినీ పందుల్ని. గాలిలో అంటుకునే జబ్బు, వెంట్రుకంత సందు చాలు.

తల అటూ ఇటూ తిప్పానో లేదో నోరంతా విషమైపోయింది. చిన్న సైజు తెచ్చి బిగించింది. మళ్ళీ చేదే.

అక్క ముసుగు తీసి నా ముఖంలోకి చూసింది. "నిరుడు పెద్దదే నీకు చక్కగా సరిపోయింది. ఎంత చిక్కిపోయావే. ఇంట్లో ఎవరూ అడగలేదా?"

అడగలేదు. "ఆ రోగిష్టి జంతువుల్ని ముట్టుకున్న చేతులతో గిన్నెలు ముట్టుకుంటావేంటి," అంటుంది అత్తగారు, ఆ చేతులతో వండినదే మారు వడ్డించుకుంటూ. అందరూ తిన్నాక గిన్నె గీకితే వచ్చేదే నా భోజనం. ఒకసారి అన్నం చాలలేదంటే, "కాస్త ఎక్కువ వండుకోవచ్చుగా, అదీ నేనే చెప్పాలా?" అన్నాడు మా ఆయన. బట్టలు వదులవుతున్నాయంటే, "సన్నబడ్డావు, నయమే," అని టీవీ వైపు తిరిగాడు. ల్యాబ్‌లో రోజూ పొద్దున్నే గినీ పందుల్ని తూకం వేస్తాను. ఒక్కటి కాస్త తగ్గినా డాక్టరుగారు పరుగెత్తుకొస్తారు. ఆ పాటి ఆరా తీసేవాళ్ళు నాకు లేకపోయారే అని అక్క ముందే ఏడ్చేశాను.

"ఇంతకంటే చిన్నది లేదు," అంది అక్క, నా భుజం మీద చెయ్యేసి. "నెల రోజులు ఆగుతాను. అందాకా నిన్ను లోపలికి పంపలేను, బయటి పనులు చూసుకో. అప్పటికీ ముఖం నిండకపోతే నీ పని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. ముందు తిను, తల్లీ."

సాయంత్రం ఇంట్లో చెబితే, "మానెయ్, పీడా పోతుంది. ఇంట్లో పని లేదా ఏంటి?" అన్నాడు మా ఆయన.

కుక్కర్ దించి, పొగలు కక్కే అన్నం నా కంచంలో పెట్టుకుని కూర్చున్నాను.

"మేమింకా తినలేదు," అంది అత్తగారు.

"గిన్నెలో ఉంది. పెట్టుకుని తినండి."

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, అలవాటుగా గరిటె కోసం చెయ్యి చాచాను. ఎవరికీ వడ్డించకుండా తినడం నాకు చేతకాదని అప్పుడే తెలిసింది. ఏడుస్తూనే రెండో ముద్ద కలిపాను.